జాయన్ నారోస్‌లో పగటి నడక: అద్దె బూట్లు, సాక్సులు, కర్ర ఎంతవరకు పనికొస్తాయి

యూటాలోని జాయన్ నేషనల్ పార్క్‌లో వర్జిన్ నది ఉత్తర పాయ కోసుకుపోయిన ఇరుకు లోయే నారోస్. ఇక్కడ వేరే బాటంటూ లేదు, నదే బాట. వెయ్యి అడుగుల గోడల మధ్య, కొన్నిచోట్ల 20–30 అడుగులకు మించని సందులో, నీళ్లకు ఎదురు నడవాలి. అందుకే పార్క్ గేటు పక్కనున్న స్ప్రింగ్‌డేల్ ఊళ్లో బూట్లు, నియోప్రీన్ (మెత్తటి నురుగు రబ్బరు) సాక్సులు, కర్ర కలిపి ఒక సెట్టుగా రోజు అద్దెకిస్తారు. మనిషికి 30 డాలర్ల చుట్టుపక్కల అవుతుంది. నలుగురైదుగురు కలిసి వెళ్తే బిల్లు గట్టిగానే పడుతుంది. అయినా బూట్లకూ కర్రకూ పెట్టిన డబ్బు పూర్తిగా గిట్టుబాటు అవుతుంది.

ముందు బూట్లు. నది అడుగంతా కొబ్బరికాయంత, గుమ్మడికాయంత గుండ్రాళ్లు. ఇంటినుంచి తెచ్చుకున్న స్పోర్ట్స్ షూ మెత్తబడి, రాళ్ల మధ్య చీలమండ మెలిపడుతుంది. వాటర్‌ప్రూఫ్ హైకింగ్ బూట్లయితే పైనుంచి దూరిన నీళ్లు బయటికి పోక, అడుగడుగునా బరువు మోయాలి. అద్దె బూట్లకు నీళ్లు కారిపోయే రంధ్రాలు, తడి రాయిని పట్టుకునే రబ్బరు అడుగు, వేళ్ల ముందు గట్టి తొడుగు ఉంటాయి. కొలత మాత్రం నియోప్రీన్ సాక్సు తొడుక్కునే చూసుకోవాలి. ఉత్త కాలితో చూసి తీసుకుంటే మధ్యాహ్నానికి గోళ్లు నొప్పెడతాయి.

సాక్సులు కాలిని పొడిగా ఉంచుతాయన్నది అపోహ, అవి పొడిగా ఉంచవు. లోపలికి చేరిన పలచని నీటి పొరను ఒంటి వేడి వెచ్చబెడుతుంది. వదులుగా ఉంటే చన్నీళ్లు వస్తూ పోతూ ఉంటాయి, ఫలితం సున్నా. మడత పడితే బొబ్బ ఖాయం, కాబట్టి లేసు బిగించే ముందు వేళ్ల దగ్గర సాపు చేసుకోండి. నడి వేసవిలో చలికోసం ఇవి తప్పనిసరి కాదు గానీ, ఇసుక ఒరిపిడి తగ్గిస్తాయి.

కర్ర లేకుండా మాత్రం దిగొద్దు. ఛాతీ ఎత్తున్న మందపాటి చెక్క కర్రే మేలు. సన్నటి ట్రెక్కింగ్ పోల్ మొన రాళ్ల సందులో ఇరుక్కుని వంగిపోతుంది. లోతు దాటేటప్పుడు ముఖం ప్రవాహంవైపు తిప్పి, కర్రను ముందు, అంటే ఎగువన ఆనించి, పక్కకు జరగాలి. రెండు కాళ్లు, ఒక కర్ర: మూడింటిలో ఒక్కటే కదలాలి, మిగిలిన రెండూ నేలమీదే.

నీళ్లు చొరబడని డ్రై ప్యాంట్లు, డ్రై సూట్లు చలికాలానికీ చల్లటి వసంత దినాలకే. చలికాలంలో నీళ్లు 40 డిగ్రీల ఫారన్‌హీట్ దరిదాపులకు దిగుతాయి. జులైలో వాటికి డబ్బు దండగ. ఏ కాలమైనా జీన్స్, కాటన్ బట్టలు వద్దు, తడిస్తే ఆరవు. ఫోన్లకు, పులిహోర పొట్లాలకు అయిదుగురికి రెండు డ్రై బ్యాగులు చాలు.

సామాను తీసుకునే ముందు చూడాల్సింది నది లెక్క. ప్రవాహం 150 క్యూసెక్కులు దాటితే దారి మూసేస్తారు. శ్రీశైలం గేట్ల లక్షల క్యూసెక్కులు విన్న చెవులకు ఇది పిల్లకాలువలా తోచొచ్చు. కానీ ఆ సందులో నీరు పక్కలకు పరుచుకోలేదు, లోతూ తోపుడూ ఒక్కసారే పెరుగుతాయి. వసంతంలో మంచు కరిగి వారాల తరబడి మూసి ఉండటం మామూలే. జులై నడుమనుంచి సెప్టెంబరు దాకా మెరుపు వరదల భయం: మీ నెత్తిన ఎండ కాస్తున్నా, ఎగువన ఎక్కడో కురిసిన వాన చాలు. 2015 సెప్టెంబరు 14న ఇదే పార్క్‌లోని కీహోల్ కాన్యన్‌లో ఏడుగురు అలాగే కొట్టుకుపోయారు. తేటనీరు బురదగా మారినా, పుల్లలు కొట్టుకొచ్చినా, ఎగువన ఉరుములాంటి మోత వినిపించినా వెనక్కి పరిగెత్తకండి, దగ్గర్లోని ఎత్తైన చోటికి ఎక్కండి.

దిగువ కొసనుంచి ఎదురు వెళ్లి తిరిగొచ్చే పగటి నడకకు పర్మిట్ అక్కర్లేదు. పార్క్‌లో తిరిగే షటిల్ బస్సు చివరి స్టాపు టెంపుల్ ఆఫ్ సినవావా, నడక మొదలయ్యేది అక్కడే. అక్కడే బాత్రూమ్‌కు వెళ్లి సీసాలు నింపుకోండి. నది నీళ్లలో విషపూరిత సయనోబాక్టీరియా కనబడింది, మామూలు ఫిల్టర్లు ఆ విషాన్ని ఆపవు. తాగొద్దు, తల ముంచొద్దు. మైలు దూరం సిమెంటు దారి తర్వాత నది మొదలు. ఎదురు నడకలో గంటకు మైలు లెక్కేసుకోండి. ఆర్డర్‌విల్ పాయ కలిసే చోటు, దాని ఎగువన వాల్ స్ట్రీట్ అని పిలిచే సందు చూసి వస్తే అయిదారు గంటలు. ఈ లోయలో అతి ఇరుకైన, అతి అందమైన భాగం అదే. అనుమతి లేకుండా వెళ్లగల చివరి చోటు బిగ్ స్ప్రింగ్ సుమారు అయిదు మైళ్లు, దానికి రోజంతా పడుతుంది.

గుంపులో అందరికన్నా నెమ్మదిగా నడిచేవారి వేగమే మీ వేగం. వెనక్కి ఎప్పుడు తిరగాలో చేరిన చోటును బట్టి కాదు, గడియారాన్ని బట్టి ముందే నిర్ణయించుకోండి. వెగాస్ నుంచి వచ్చేవారు యూటా టైము ఒక గంట ముందుంటుందని మరవొద్దు. సామాను ముందురోజు సాయంత్రమే ఇచ్చే దుకాణం చూసుకుంటే తొలి షటిళ్లు అందుతాయి. చివరి షటిల్ తప్పితే ఆ తడి బూట్లతోనే తొమ్మిది మైళ్ల దాకా నడవాలి.