మృదంగం గదికి సౌండ్‌ప్రూఫింగ్: మూడేళ్ల వాడకం తర్వాత

మా అమ్మాయి మృదంగం మొదలుపెట్టి మూడేళ్లు దాటింది. మేముండేది బెంగళూరు మారతహళ్లిలో, మూడో అంతస్తులో, అద్దె ఫ్లాటు. త ధి తొం నం అనే మొదటి దెబ్బల పాఠం మొదలైన పదో రోజున కింది ఫ్లాటు అంకుల్ పైకి వచ్చారు. ఆయనదీ అనంతపురమే. "బాబూ, పాప నేర్చుకోవడం నాకు సంతోషమే. కానీ ఆ తొం అన్నప్పుడల్లా నా మంచం తలాపున ఎవరో గుద్దినట్టుంటోంది" అన్నారు. ఆయనకు గుండె ఆపరేషన్ అయి అప్పటికి నెల కూడా కాలేదు. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

కంగారులో ముందు చేసింది తప్పు పని. ఆన్‌లైన్‌లో పిరమిడ్ల ఆకారంలో ఉండే నల్ల ఫోమ్ తెప్పించి రెండు గోడలకు అంటించాను. ఆరు వేలు అయింది. గదిలో చప్పట్లు కొడితే మోత తగ్గింది. కిందికి వెళ్లి అంకుల్ మంచం మీద కూర్చుని వింటే మాత్రం తొం ఎక్కడికీ పోలేదు. ఫోమ్ గదిలోపలి ప్రతిధ్వనిని పీల్చుకుంటుంది, అంతే. శబ్దం గది దాటకూడదంటే బరువైన అడ్డు కావాలి, సందులు మూసుకుపోవాలి. పైగా తొం పలికేది తొప్పి మీద, అంటే మృదంగం ఎడమ ముఖం మీద. దాని లోగొంతు నాదం మొండిది. 100 హెర్ట్జ్ శబ్దానికి గాలిలో ఒక్కో తరంగం దాదాపు 3.4 మీటర్ల పొడవుంటుంది. రెండంగుళాల ఫోమ్ దాన్ని ఏం ఆపుతుంది? కొందరు గోడలకు అంటించే కోడిగుడ్ల అట్టల సంగతి కూడా ఇంతే. రెండూ నిప్పు తగిలితే మండిపోయేవే కాబట్టి స్విచ్‌బోర్డు దగ్గర అసలు పెట్టకండి.

మాకు అన్నిటికన్నా పనికొచ్చింది పాప కూర్చుని వాయించే చెక్క వేదిక. మృదంగం కాళ్ల మీద ఆనించి వాయించేది కదా, ఆ అదురు చాప దాటి నేరుగా స్లాబులోకి దిగుతోంది. మైసూరు రోడ్డు టింబర్ యార్డ్ లేఅవుట్‌లో 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ కొని, నాలుగడుగుల చదరంలో రెండు పొరలు వేయించాను. అడుగున తొమ్మిది మందపాటి రబ్బరు దిమ్మలు, వాటి మధ్య గుడ్డలో చుట్టిన రాక్‌వూల్ (రాతి నారతో చేసే దూది లాంటిది), పైన తివాచీ. రాక్‌వూల్ ముట్టుకునేటప్పుడు మాస్కు, గ్లవ్స్ తప్పనిసరి. నేను పట్టించుకోకపోతే రెండు రోజులు చేతులు దురద పెట్టాయి.

ఇంత చేసినా మొదటి రెండు వారాలు తేడా అంతంతమాత్రమే. ఒకరోజు పాప వాయిస్తుంటే గోడవార అరచెయ్యి పెట్టి చూశాను. గోడ అడుగున ఉండే స్కర్టింగ్ పట్టీ జివ్వుమంటోంది. వంగి చూస్తే, వేదిక కదలకూడదని వడ్రంగి ఒక మూలన ఎల్ క్లాంపు పెట్టి గోడకు రెండు స్క్రూలు బిగించాడు! రబ్బరు మీద తేలాల్సిన చెక్కకు ఆ ఇనుప ముక్కే దారి అయింది. క్లాంపు పీకేసి, గోడకు రెండంగుళాలు ఎడంగా జరిపాను. మళ్లీ కిందికి వెళ్లి అంకుల్ మంచం తలాపు చెక్క మీద చెయ్యి పెట్టాను. అదురు తెలియలేదు. కిటికీలోంచి నం మాత్రం సన్నగా వినిపించింది.

అప్పుడు కిటికీ, తలుపు పట్టుకున్నాను. స్లైడింగ్ కిటికీకి ఎంత మంచి అద్దం ఉన్నా పట్టాల సందుల్లోంచి శబ్దం కారిపోతుంది. అందుకని ఆ చట్రంలో బిగుతుగా కూర్చునేలా ప్లైవుడ్ మూత చేయించి, అంచులకు కార్లకు వేసే రబ్బరు బీడింగ్ అంటించాను. అది జేసీ రోడ్డులో దొరికింది. ఇంటి ఓనరును అడిగి తలుపుకు లోపలివైపు 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్ కొట్టించి, బరువు పెరిగింది కాబట్టి ఇంకో బందు వేయించాను. తలుపు కింది సందుకు నేలకు రాసుకునే రబ్బరు పట్టీ. వరండాలో శబ్దం కొలిచే ఫోన్ యాప్ ముందు 70 డెసిబెల్స్ దాకా చూపించేది, ఇప్పుడు 55 దగ్గర ఆగుతోంది. ఆ అంకెలు ఖచ్చితమని చెప్పను కానీ, ఒకే ఫోన్‌తో ఒకేచోట ముందూ వెనకా చూసుకోవడానికి పనికొస్తాయి. పది డెసిబెల్స్ తగ్గితే చెవికి దాదాపు సగమైనట్టు ఉంటుంది.

మొత్తం ముప్పై ఆరు వేలు అయింది. ఫోమ్‌కు పెట్టిన ఆరు వేలూ అందులోనివే, అవి దండగ. రెండో వేసవికే పసుపెక్కి, టేపుతో పాటు గోడ పెయింటునూ ఊడదీసుకుని కిందపడ్డాయి. ఇప్పుడు వాటి స్థానంలో మా అమ్మమ్మ కుట్టిన బొంత, పక్కనే పుస్తకాల అర ఉన్నాయి. గదిలో మోత లేదు, మృదంగం నాదం ఫోమ్ ఉన్నప్పటికంటే నిండుగా ఉంది.

వాడుతుంటే తెలిసిన కష్టాలూ ఉన్నాయి. సందులన్నీ మూస్తే గాలి ఆడదు. ముప్పావు గంటకే పాపకు తలనొప్పి వచ్చేది. ఇప్పుడు అరగంటకోసారి తలుపు తీసి ఫ్యాను పెడతాం. ఏసీ ఉంటే సరిపోతుందనుకోకండి, స్ప్లిట్ ఏసీ లోపలి గాలినే తిప్పుతుంది. మొదటి వానాకాలం కిటికీ మూత వెనక బూజు పట్టింది, మృదంగం శ్రుతి రోజుకోలా ఉండేది. అప్పటినుంచి సాధన అవగానే మూత తీసి గోడకు ఆనించేస్తున్నాం. తలుపు రబ్బరు పట్టీ రెండేళ్లకు అణిగి చదునైపోయింది, మార్చాల్సి వచ్చింది.

పక్క బెడ్రూంలోకి తొం ఇప్పటికీ వస్తుంది. మధ్య గోడ నాలుగంగుళాల బ్లాకుదే. దాన్ని ఆపాలంటే ఆ గోడకు తగలకుండా ఇంకో గోడ నిలబెట్టాలి. అద్దె ఇంట్లో నేను ఆ పని చేయను. ప్రభుత్వ శబ్ద నియమాల్లో రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా రాత్రి సమయం. మేం మాత్రం రాత్రి ఎనిమిదిన్నరకే ఆపేస్తాం, ఆదివారం మధ్యాహ్నం అంకుల్ పడుకునే వేళ అసలు ముట్టం.