కిలకిలా, సకిలింపా, కేరింతా: గొంతెత్తి నవ్వే నవ్వుకు ఏ మాట మేలు?

నాట్ల కాలంలో మిర్యాలగూడ వైపు, సాగర్ ఎడమ కాలువ కింద పొలాల పక్కన పోతుంటే ఆడవాళ్ళ నవ్వులు రోడ్డు దాకా వినిపిస్తాయి. నడుం వంచి నాటేస్తూ ఒకామె ఏదో అంటుంది, మిగతా వాళ్ళు ఒక్కసారే గొంతెత్తుతారు. చెవిలో దిగే ఆ సన్నని నవ్వును ఏమని రాయాలి?

రాసేవాళ్ళకు ముందు తట్టేది కిలకిల. చప్పుడు నుంచి పుట్టిన మాట, సంస్కృతంలోనూ ఉంది. సీత జాడ తెలుసుకుని హనుమంతుడు తిరిగొచ్చినప్పుడు వానరులు చేసిన సందడిని సుందరకాండలో వాల్మీకి కిలకిల అనే అన్నాడు. అక్కడది కోతుల కేక. తెలుగులో మెత్తబడి పిట్టలకూ అమ్మాయిలకూ ముద్దుమాట అయింది. పొలంలో నవ్వుకు అంత ముద్దు అతకదు.

గట్టు మీది ఆసామి మాత్రం "ఏందే ఆ ఇకిలింపులు, సకిలింపులు?" అంటాడు. ఈ రెండూ జంటగా వస్తాయి గానీ వేర్వేరు. ఇకిలించడమంటే పండ్లు బయటపెట్టడం. చప్పుడు అక్కర్లేదు, ఫొటోలో కూడా ఇకిలించొచ్చు. సకిలించేది గుర్రం, అది చెవికి తెలిసేది. ధ్వని వరకు చూస్తే సకిలింపే దగ్గర. కానీ అందులో తిట్టుంది. పొద్దంతా బురదలో నిలబడి పనిచేసేవాళ్ళ నవ్వుకు ఆ మాట తగిలించడం నాకు అస్సలు నచ్చదు. నాట్యశాస్త్రంలోనూ ఇదే లెక్క. నవ్వును ఆరు రకాలు చేసి, కళ్ళల్లో నీళ్ళు తిరిగేలా, పక్కలు పట్టుకుని, గొంతు చించుకుని నవ్వేదాన్ని అతిహసితం అన్నారు. దాన్ని అధమ పాత్రలకే ఇచ్చారు. గట్టిగా నవ్వితే మనిషి తక్కువైపోతాడా?

నా ఓటు కేరింతకే. చంటిబిడ్డ కేర్‌మన్నాడంటే ఏడుపు, కేరింతలు కొట్టాడంటే నవ్వు. రెండింట్లోనూ గొంతు అదే. సన్నదనం మాటలోనే ఉంది, తిట్టు లేదు. పసిపిల్లలకే వాడాలనీ లేదు, జాతరలో జనం కేరింతలు కొట్టారని అందరం రాస్తూనే ఉంటాం కదా.

ఒక్క ఇబ్బంది ఉంది. కేరింతకు గుంపు కావాలి, లేదా చిన్నపిల్ల కావాలి. పెద్దమనిషి ఒంటరిగా నవ్వితే "కీచుగా నవ్వింది" అని రాయడమే నయం. సకిలింపును మాత్రం, ఎదుటివాణ్ని చిన్నబుచ్చడానికి నవ్వేవాడి కోసం ఉంచుకోవచ్చు.