ఫోన్‌లో గ్రీన్ లైన్ పడింది: ఫ్రీ డిస్‌ప్లేనా, వోచరా, బయట రిపేరా... ఏది మేలు?

"అన్నా, గ్రీన్ లైన్ పడింది, ఇప్పుడేం చేయమంటావ్?" అని అడిగేవాళ్లు రెండు మూడేళ్లుగా నాకు తగ్గడం లేదు. ఫోన్ మోడల్ మారుతుందేమో కానీ కథ మాత్రం ఒకటే. ఫోన్ కింద పడలేదు, నీళ్లలో తడవలేదు. రాత్రి ఛార్జింగ్ పెట్టి పడుకుంటే పొద్దున్నే తెర పైనుంచి కిందిదాకా నిలువునా సన్నటి ఆకుపచ్చ గీత. కొన్నాళ్లకు దాని పక్కన ఇంకోటి, ఒక్కోసారి గులాబీ రంగుది. యాభై వేలు పోసి కొన్న ఫోన్ ఇలా అయితే ఎవరికైనా కడుపు మండుతుంది. ఆ మంటలో చాలామంది తొందరపడి చేతిలో ఉన్న మంచి అవకాశాన్ని పోగొట్టుకుంటున్నారు. అందుకే ఇదంతా ఒకచోట రాస్తున్నాను.

ముందుగా ఒక విషయం. ఇది సాఫ్ట్‌వేర్ జబ్బు కాదు. "అప్‌డేట్ చేశాకే వచ్చింది" అని చాలామంది అంటారు. వాళ్లు చెప్పేది నిజమే, గీత కనబడింది అప్పుడే. కానీ ఫ్యాక్టరీ రీసెట్ కొట్టినా, పాత వెర్షన్ ఎక్కించినా అది పోదు. అమోలెడ్ తెరలో (ప్రతి చుక్కా దానంతటదే వెలిగే రకం) ప్రతి నిలువు వరుసకూ సిగ్నల్ తెచ్చే సన్నటి తీగలు ఉంటాయి. తెర కింది అంచున అవి ఒక పల్చటి ఫ్లెక్స్‌కు, అంటే వంగే రిబ్బన్‌లాంటి కేబుల్‌కు, అతికి ఉంటాయి. వేడికో, తేమకో ఆ అతుకు ఒకచోట వదులైతే ఆ వరుస మొత్తం ఒకే రంగులో వెలుగుతూ ఉండిపోతుంది. కాబట్టి "సాఫ్ట్‌వేర్ వేసి తీసేస్తాం, ఐదు వందలు" అన్నవాడి దగ్గర ఒక్క క్షణం కూడా నిలబడొద్దు.

ఎక్కువ మంది నోట వినిపించే పేరు వన్‌ప్లస్. దీని మీద కంపెనీ బాహాటంగానే మాట్లాడింది. 8, 9 సిరీస్‌లలో లైన్ పడ్డ కొన్ని మోడళ్లకు 2023లో మన దేశంలో లైఫ్‌టైమ్ స్క్రీన్ వారంటీ ఇచ్చింది. 2024 డిసెంబర్‌లో దాన్ని మన దగ్గర అమ్మిన తన స్మార్ట్‌ఫోన్లన్నిటికీ వర్తింపజేసింది. తెర అంచున అదనపు రక్షణ పొర వేస్తున్నామని, 85 డిగ్రీల వేడిలో, 85 శాతం తేమలో పరీక్షిస్తున్నామని అప్పుడే చెప్పింది. శాంసంగ్ కూడా 2024 ఏప్రిల్‌లో ఎస్20, నోట్ 20, ఎస్21 సిరీస్‌లకు, ఎస్22 అల్ట్రాకు ఒక్కసారి ఉచితంగా డిస్‌ప్లే మారుస్తామంది. అయితే ఫోన్ కొని మూడేళ్లు దాటకూడదని, దెబ్బలు, తడి ఉండకూడదని షరతులు పెట్టింది. ఈ రెండు హామీల మధ్య తేడా చూడండి. ఒకదానికి గడువు లేదు, రెండోదానికి ఉంది. మీ ఫోన్ ఏ కంపెనీదైనా ముందు తెలుసుకోవాల్సింది ఇదే. కౌంటర్ దగ్గర అబ్బాయి నోటిమాట మీద కాదు, కంపెనీ కస్టమర్ కేర్‌కి మెయిల్ పెట్టి రాతలో తెప్పించుకోండి.

ఇప్పుడు అసలు పోలిక. ధర, సమయం, దూరం అన్నీ లెక్కలోకి వస్తాయి, కాదనను. కానీ నా దృష్టిలో అన్నిటికన్నా పెద్దది ఒకటే: మీ ఫోన్ మూత ముందు ఎవరు విప్పారు? బయటి షాపులో ఒక్కసారి విప్పించాక కంపెనీ ఇచ్చే ఉచిత డిస్‌ప్లే మీద ఆశ వదులుకోవాల్సిందే. బయట వేడి పెట్టి, ప్లాస్టిక్ పిక్‌తో అంచు లేపి తీస్తారు. ఎంత జాగ్రత్తగా మూసినా ఫ్యాక్టరీ గమ్ వరుస అలాగే ఉండదు. లోపల స్క్రూ మీద అంటించిన చిన్న స్టికర్ చిరుగుతుంది. సర్వీస్ సెంటర్ టెక్నీషియన్ ముందు చూసేది ఆ స్టికర్‌నే. అది చిరిగి ఉంటే ఇక మాట్లాడేదేమీ ఉండదు, బిల్లు చేతిలో పెడతారు. సర్వీస్ సెంటర్ నుంచి బయటికి ఎప్పుడైనా పోవచ్చు, బయటి నుంచి సర్వీస్ సెంటర్‌కి మాత్రం తిరిగి రాలేరు. అందుకే మీ ఊరి నుంచి అది ఎంత దూరమైనా నేను మొదట అక్కడికే పంపుతాను.

అక్కడ సుఖంగా ఉంటుందని మాత్రం చెప్పను. జిల్లా కేంద్రం దాటితే ఆథరైజ్డ్ సెంటర్ ఉండకపోవచ్చు. ఉన్నా "స్టాక్ లేదు సార్, రాగానే ఫోన్ చేస్తాం" అనేది మామూలు మాట. నాకు బాగా దగ్గరివాళ్ల ఫోన్ ఒకటి ఇలాగే వారాలు నడిచింది. మొదటిసారి వెళ్లినప్పుడు మూలన గోరంత సొట్ట చూపించి జాబ్ షీట్‌లో (ఫోన్ తీసుకునేటప్పుడు సెంటర్‌వాళ్లు రాసిచ్చే కాగితం) "ఫిజికల్ డ్యామేజ్" అని రాసేశారు. ఆ ఒక్క మాటతో ఉచితం కాస్తా బిల్లుగా మారింది. సంతకం పెట్టకుండా సొట్టకూ గీతకూ సంబంధం ఏమిటో చూపించమని అడిగితే, మేనేజర్ వచ్చి ఆ మాట కొట్టేసి "డిస్‌ప్లే లైన్, కాస్మెటిక్ డెంట్" అని మార్చాడు. ఆ ఫోన్‌కి చివరికి పైసా ఖర్చు లేకుండా కొత్త డిస్‌ప్లే వచ్చింది. కాబట్టి జాబ్ షీట్ చదవకుండా సంతకం పెట్టొద్దు. ఫోన్ ఇచ్చే ముందు నాలుగు వైపులా ఫొటోలు, తెర వెలుగుతుండగా చిన్న వీడియో తీసుకోండి. డేటా బ్యాకప్ కూడా ముందే చేసుకోండి, లైన్లు పెరిగితే టచ్ కూడా పనిచేయకపోవచ్చు.

ఇక వోచర్. పాత మోడళ్లకు డిస్‌ప్లే దొరకనప్పుడు "రిపేర్ బదులు కొత్త ఫోన్ మీద ఇంత తగ్గింపు ఇస్తాం" అంటారు. వినడానికి బాగుంటుంది, కాగితం మీద పెద్ద అంకె కూడా కనబడుతుంది. వన్‌ప్లస్ 2023లో కొన్ని 8, 9 సిరీస్ మోడళ్లవాళ్లకు ఇలా తన 10ఆర్ ఫోన్ చూపించింది. ఆ పాత మోడళ్లలో 8 ప్రో మన దగ్గర 54,999 రూపాయల నుంచి మొదలైన ఫోన్. క్వాడ్ హెచ్‌డీ తెర, వైర్‌లెస్ ఛార్జింగ్, నీళ్లు, దుమ్ము చొరబడకుండా ఐపీ68 రక్షణ అన్నీ ఉన్నది. 10ఆర్ 38,999తో మొదలైంది, తెర ఫుల్ హెచ్‌డీ, వైర్‌లెస్ ఛార్జింగ్ లేదు. కంపెనీ తప్పుకి మనం చేతి డబ్బు కలిపి, ఒక మెట్టు కింది ఫోన్ తీసుకోవాలన్నమాట. ప్రాసెసర్ కొత్తది, బ్యాటరీ కొత్తది, అది నిజమే. ఎలాగూ ఫోన్ మార్చాలనే ఉన్నవాళ్లకు, పాత ఫోన్ బ్యాటరీ పూర్తిగా అరిగిపోయినవాళ్లకు వోచర్ పనికొస్తుంది. మిగతావాళ్లకు నా సలహా: డిస్‌ప్లే నిజంగా రాదని రాతలో ఇచ్చేదాకా వోచర్‌కి ఒప్పుకోవద్దు. పాత ఫోన్ తిరిగి ఇచ్చేయాలా, వోచర్ ఏ మోడల్ మీద, ఎప్పటిదాకా చెల్లుతుంది అనేవి కూడా అడగండి.

బయటి రిపేరు సంగతి. హైదరాబాద్‌లో అయితే అందరూ చెప్పేది అబిడ్స్ జగదీశ్ మార్కెట్. ప్రతి ఊళ్లోనూ దానికి చిన్న తమ్ముడిలాంటి వీధి ఒకటి ఉంటుంది. అక్కడ పనిచేసే కుర్రాళ్ల చేతి నైపుణ్యం మీద నాకు గౌరవం ఉంది. సమస్య వాళ్లు కాదు, వాళ్లకు దొరికే సరుకు. "ఒరిజినల్" అనే మాట అక్కడ కనీసం మూడు రకాల డిస్‌ప్లేలకు వాడతారు. పాత ఫోన్ నుంచి తీసింది ఒకటి, వేరే కంపెనీ చేసిన ఓఎల్‌ఈడీ (అమోలెడ్ కూడా ఈ జాతిదే) కాపీ ఒకటి, అసలు అమోలెడే కాని, వెనక లైటుతో వెలిగే ఎల్‌సీడీ కాపీ ఒకటి. ఈ మూడోది చవక. కానీ అది వేయించుకుంటే తెర కింద ఉండే ఆప్టికల్ వేలిముద్ర పనిచేయదు. నలుపు నలుపులా ఉండదు, ఎండలో కనబడదు, మందం ఎక్కువై అంచు లేచినట్టు ఉంటుంది. బిల్లు మీద డిస్‌ప్లే రకం రాయించుకోండి. రాయనన్నాడంటే అది ఏ రకమో చెప్పేసినట్టే.

ఈ మధ్య "డిస్‌ప్లే మార్చకుండా లైన్ ఒక్కటే తీస్తాం" అనే షాపులు కూడా వచ్చాయి. మెషీన్ మీద ఆ ఫ్లెక్స్‌ను తెరకు మళ్లీ అతికిస్తారు (బాండింగ్ అంటారు). అది మోసం కాదు, నిజంగానే గీత పోవచ్చు. కానీ ఆ పనిలో తెర మొత్తం చచ్చిపోయే అవకాశం కూడా ఉంది, అప్పుడు బాధ్యత ఎవరూ తీసుకోరు. కంపెనీ హామీ లేని, గడువు దాటిన, వేరే దారి లేని ఫోన్‌కి మాత్రమే ఈ పని చేయించమంటాను.

ఎక్స్‌ఛేంజ్‌లో పెట్టేద్దామా అంటే, లైన్ పడ్డ ఫోన్‌కి ధర బాగా కోసేస్తారు, డిస్‌ప్లే వేయించుకున్నాక పెట్టండి. స్క్రీన్ ఇన్సూరెన్స్ ప్లాన్లు చాలావరకు పడి పగిలినవాటికే, దీనికి లెక్కపెట్టుకోవద్దు. ఇక ఎల్‌సీడీ ఫోన్ కొంటే ఈ గొడవ ఉండదు కదా అని కొందరంటారు, కానీ ఆ తెరకు దాని జబ్బులు దానికున్నాయి.

కొత్తగా కొనేవాళ్లు కూడా అడుగుతున్నారు కాబట్టి ఒక మాట. 2024 మే 1 నుంచి ఆంధ్రప్రదేశ్, తెలంగాణ సహా కొన్ని రాష్ట్రాల్లోని పెద్ద మొబైల్ షాపుల సంఘం వన్‌ప్లస్ అమ్మకాలు ఆపేస్తామంది. తమకు మార్జిన్ తక్కువన్నది ఒక కారణమైతే, వారంటీ క్లెయిములు ఆలస్యమవుతున్నాయన్నది ఇంకో కారణం. తర్వాత అమ్మకాలు మళ్లీ మొదలయ్యాయి. రోజూ ఫోన్లు అమ్మేవాడే సర్వీస్ గురించి విసుగెత్తాడంటే కొనేవాడు ఆలోచించాలి కదా. అలాగని ఆ బ్రాండ్ కొనొద్దని నేను అనను. కాలపరిమితి లేని లైన్ హామీ రాసిచ్చిన కంపెనీ నాకు రాయని కంపెనీ కన్నా నయం. కెమెరా మెగాపిక్సెళ్లు చూసే ముందు, మీ ఊరికి యాభై కిలోమీటర్లలోపు ఆథరైజ్డ్ సెంటర్ ఉందో లేదో చూడండి.

సెంటర్‌లో పని కాకపోతే గొంతు పెంచి లాభం లేదు. జాబ్ షీట్, మెయిళ్లు, కొన్న బిల్లు దగ్గర పెట్టుకుని జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడొచ్చు. చాలా కంపెనీలు ఆ ఫిర్యాదు నంబర్ చూశాకే కదులుతాయి. అక్కడా తేలకపోతే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లొచ్చు. ఐదు లక్షల లోపు వస్తువుకు ఫీజు లేదు, లాయర్ తప్పనిసరి కాదు, ఆన్‌లైన్‌లోనూ వేయొచ్చు. సమస్య తలెత్తిన నాటి నుంచి రెండేళ్లలోపు వేయాలి. "స్టాక్ రాగానే చెప్తాం" అనే మాట వింటూ ఆ రెండేళ్లూ గడవనివ్వకండి.