చవక స్క్రూడ్రైవర్ సెట్టు కొనేముందు ఇది చదవండి

ల్యాప్‌టాప్ ఇంట్లోనే విప్పుకుందామని చిన్న స్క్రూడ్రైవర్ సెట్టు కోసం కోఠి వెళ్లేవాళ్లు కాస్త జాగ్రత్త. గుజరాతీ గల్లీ వైపు ఒక షాపులో నేను తీసుకున్న డబ్బా మీద 'క్రోమ్ వెనేడియం' (పనిముట్లకి వాడే గట్టి ఉక్కు) అని పెద్ద అక్షరాలతో ఉంది. ఎస్‌ఎస్‌డీ (ఫైళ్లు దాచే డ్రైవ్) మార్చడానికి అడుగు కవర్ తీస్తుంటే మూల స్క్రూ దగ్గర బిట్ (స్క్రూడ్రైవర్‌కి తగిలించే మొన ముక్క) జారింది. తీసి చూస్తే బిట్ మొన అంచులు నలిగి గుండ్రంగా అయిపోయాయి. స్క్రూ తలలో ప్లస్ గాడి పోయి గిన్నెలా గుంట మిగిలింది.

షాపుకి తీసుకెళ్తే "వాడిన మాల్ వాపస్ తీసుకోం సార్" అన్నారు. పైగా స్క్రూ ఎక్స్‌ట్రాక్టర్ సెట్టు (తల పాడైన స్క్రూలు బయటికి తీసేది) అంటగట్టబోయారు. దయచేసి అది అసలు కొనకండి. మామూలుగా దొరికే ఆ సెట్లు పెద్ద స్క్రూల కోసం. ల్యాప్‌టాప్ అడుగున ఉండేవి ఎక్కువగా 2, 2.5 మిల్లీమీటర్లవి. పైగా ముందు స్క్రూ తలకి డ్రిల్లు వెయ్యాలి, ఆ లోహపు రజను మదర్‌బోర్డు మీద పడితే షార్ట్ అవుతుంది. బిట్‌కీ స్క్రూకీ మధ్య రబ్బర్ బ్యాండ్ పెట్టి తిప్పే చిట్కా కూడా ఇంత చిన్న గాడిలో నిలవదు.

చివరికి మా వీధిలో మొబైల్ రిపేర్ చేసే అన్న తీసిచ్చాడు. ఈ స్క్రూల మరలకి చాలావాటికి నీలం రంగు పూత ఉంటుంది, వదులు కాకుండా పట్టి ఉంచేది అదే. వేడి తగిలితే మెత్తబడుతుంది. సోల్డరింగ్ ఐరన్ మొన తల మీద కొన్ని సెకన్లు ఆనించి, మంచి బిట్‌ని నిలువుగా గట్టిగా అదిమి మెల్లగా తిప్పాడు, కదిలింది. కింద బ్యాటరీ ఉన్నచోట మాత్రం వేడి పెట్టొద్దు. ప్లాస్టిక్ కవర్ కూడా కరుగుతుంది.

కొనేటప్పుడు డబ్బా మీద ముద్ర చూసి నమ్మకండి, ఎస్2 స్టీల్ (బిట్లకి వాడే ఇంకో గట్టి ఉక్కు) అని రాసున్నా సరే. పీహెచ్‌0, పీహెచ్‌00 (చిన్న ప్లస్ స్క్రూల సైజులు) బిట్లు బయటికి తీయించి మొన చూడండి. అంచులు పదునుగా ఉండాలి, పాలిష్ దట్టంగా పట్టి గాడులు పూడిపోయి ఉండకూడదు. ఒక పాత స్క్రూ జేబులో వేసుకెళ్లి అక్కడే బిగించి చూడండి. బిట్ లోపల ఊగితే వదిలేయండి. చూడనివ్వని షాపులో కొనొద్దు.

బిల్లు అడగడం మర్చిపోవద్దు. నాసిరకం సరుకు ఇచ్చి వెనక్కి తీసుకోకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి తెలుగులోనే ఫిర్యాదు చెప్పొచ్చు, ఆ కాగితం చేతిలో ఉంటే మాట నిలుస్తుంది.