60 రూపాయల సుడోకు పుస్తకం: మొదటి సగం కొనదగ్గది, చివరి పేజీలు కావు

నెల్లూరు ఆర్టీసీ బస్టాండులోనూ, ఒంగోలు స్టేషను బయటా వారపత్రికల పక్కన వేలాడదీసి అమ్మే సుడోకు పుస్తకాల్లో, కొత్తవాళ్ల కోసమని తెలుగులో వివరణ రాసి వేసినది ఒకటుంది. 64 పేజీలు, న్యూస్‌ప్రింటు కాగితం, మధ్యలో రెండు పిన్నులు, ధర 60 రూపాయలు. తప్పులు కూడా చెప్పాల్సి ఉంది కాబట్టి పేరు రాయడం లేదు. ఈ రకం పుస్తకం ఏది చేతికొచ్చినా ఈ విషయాలు సరిచూసుకోవచ్చు.

ముందు మెచ్చుకోవాల్సింది. నియమాల్ని ఒక్క పేజీలో తేల్చేశారు, అంతకంటే అక్కర్లేదు కూడా. అడ్డంగా 9, నిలువుగా 9, మొత్తం 81 గడులు. మందపాటి గీతలు వాటిని 9 పెట్టెలుగా విడదీస్తాయి. ఏ అడ్డ వరసలోనైనా, ఏ నిలువు వరసలోనైనా, ఏ పెట్టెలోనైనా 1 నుంచి 9 దాకా ప్రతి అంకె ఒక్కసారే రావాలి. అచ్చులో ఇచ్చిన అంకెల్ని మార్చకూడదు. ఐమూలగా అంకె మళ్లీ వచ్చినా తప్పులేదని విడిగా రాశారు, అది చాలా మంచి పని. కొత్తవాళ్లు చాలామంది ఇక్కడే లేని చిక్కు తెచ్చుకుంటారు.

ఆ తర్వాత 4×4, 6×6 గళ్లు ఇచ్చారు. నాలుగో తరగతి పిలకాయలకి ఈ పేజీలే అసలు విలువ. 4×4లో 1 నుంచి 4 దాకానే అంకెలు, పెట్టెకి నాలుగు గడులు. 6×6లో మాత్రం పెట్టె చదరంగా ఉండదు: అడ్డంగా మూడు గడులు, నిలువుగా రెండు. ఇక్కడ మందపాటి గీత సరిగా అచ్చుపడలేదు. పిలకాయలు పెట్టెని నిలువుగా అనుకుని మొదలుపెడితే ఎంతసేపు కూర్చున్నా తేలదు. నీలం పెన్నుతో పెట్టెల గీతలు ఒకసారి దిద్ది ఇవ్వండి.

అట్ట మీద ‘లెక్కల్లో చురుకుదనానికి’ అని వేశారు. సుడోకులో కూడికలూ తీసివేతలూ లేవు. అంకెలకు బదులు క, ఖ, గ, ఘ, ఙ, చ, ఛ, జ, ఝ వేసినా ఆట అదే. వరస మొత్తం 45 వచ్చిందేమో చూసుకోమనే సలహా కూడా సగమే పనికొస్తుంది. 45 రాకపోతే తప్పున్నట్టే, కానీ వచ్చినంత మాత్రాన సరైనట్టు కాదు. 4, 6 ఉండాల్సిన చోట రెండు 5లు పడ్డా మొత్తం 45యే.

అసలు లోపం వేరే ఉంది. నియమాలు కాగానే పుస్తకం ‘ఊహించి వేయండి, కుదరకపోతే చెరిపేయండి’ అంటుంది. దయచేసి ఈ మాట పాటించకండి. తప్పు అంకె వేసిన వెంటనే దొరకదు. ఇంకో ఇరవై గడులు నిండాక ఎక్కడో రెండు 8లు ఎదురుపడతాయి, అప్పటికి వాటిలో ఏది ఊహో ఏది నిజమో తెలియదు. అంతా చెరపాల్సిందే. మంచి సుడోకుకి జవాబు ఒక్కటే ఉంటుంది, తేలిక స్థాయిలో ఊహించాల్సిన పనే రాదు. రెండు ప్రశ్నలు చాలు.

మొదటిది: ఈ పెట్టెలో ఈ అంకె ఎక్కడ పట్టగలదు? పైన పక్కపక్కనే ఉన్న మూడు పెట్టెలు తీసుకోండి. ఎడమ పెట్టెలో 5 మొదటి వరసలో ఉంది, మధ్య పెట్టెలో రెండో వరసలో ఉంది. అంటే కుడి పెట్టెలో 5 మూడో వరసలోనే రావాలి. అక్కడున్న మూడు గడుల్లో మొదటిదాంట్లో ముందే 2 అచ్చయి ఉంది. చివరి గడి నిలువు వరసలో కింద ఎక్కడో 5 ఉంది. మిగిలింది మధ్య గడి, 5 అందులోనే. ఎక్కువసార్లు కనిపించే అంకెతో మొదలుపెడితే ఇది త్వరగా తెగుతుంది.

రెండోది: ఈ గడిలో ఏ అంకె పట్టగలదు? అడ్డ వరసలో 1, 4, 6, నిలువు వరసలో 2, 7, 9, పెట్టెలో 3, 8 ఉంటే మిగిలేది 5 ఒక్కటే. ఇంకా తేలకపోతే ఆ గడికి వీలైన అంకెల్ని మూలన చిన్నగా రాసుకోవాలి. ఒకే పెట్టెలో రెండు గడులకి 2, 6 మాత్రమే మిగిలితే ఆ పెట్టెలోని మిగతా గడుల నుంచి ఆ రెండూ కొట్టేయొచ్చు.

చిన్న అంకెలు రాయడానికి ఈ పుస్తకంలో చోటు లేదు, గడి 6 మిల్లీమీటర్లే. జిరాక్సులో 200 శాతం పెంచి తీయించుకుంటే 12 అవుతుంది, హాయిగా రాసుకోవచ్చు. పుస్తకంలోనే రాసేటట్టయితే హెచ్‌బీ కంటే మెత్తని 2బీ పెన్సిల్ తేలిగ్గా వాడండి. గట్టిగా నొక్కి రాసి రబ్బరుతో రుద్దితే న్యూస్‌ప్రింటు చిరుగుతుంది.

చరిత్ర పేజీలో జపాన్‌లో పుట్టిందని రాశారు. ఇప్పటి రూపంలో మొదట వచ్చింది అమెరికాలో, 1979లో, డెల్ పత్రికలో ‘నంబర్ ప్లేస్’ పేరుతో. కూర్చినవాడు హోవర్డ్ గార్న్స్ అనే ఆర్కిటెక్టు అని చెబుతారు. 1984లో నికోలి సంస్థ జపాన్‌లో వేసింది, సుడోకు అనే పేరు అక్కడిది.

చివరి ‘మహాకఠినం’ భాగం వదిలేయండి. అందులో ఒకదాని జవాబులో 4వ, 6వ అడ్డ వరసలూ 2వ, 8వ నిలువు వరసలూ కలిసే నాలుగు గడుల్లో ఒక ఐమూలన రెండు 3లూ, రెండో ఐమూలన రెండు 7లూ పడ్డాయి. ఆ నాలుగింట్లో ఒక్కటీ అచ్చులో ఇవ్వలేదు. 3, 7ని తారుమారు చేసినా వరసలూ పెట్టెలూ చెడవు, అంటే జవాబులు రెండు. సరిగ్గా చేసినవాళ్లు కూడా వెనక పేజీ చూసి తప్పు చేశామనుకుంటారు. ఇంకోదాంట్లో ఇచ్చినవి 16 అంకెలే. ఒకే జవాబు రావాలంటే కనీసం 17 కావాలని 2012లో ఐర్లండ్ గణితజ్ఞులు కంప్యూటరుతో అన్నీ వెతికి తేల్చారు, కాబట్టి దానితో కుస్తీ పట్టొద్దు.

కొనేముందు షాపులోనే రెండు మూడు పేజీలు తిప్పి 3, 6, 8 విడివిడిగా తెలుస్తున్నాయో లేదో చూడండి. కొన్ని కాపీల్లో సిరా పూడుకుపోయి మూడూ 8లాగే ఉన్నాయి. అలాంటిది వద్దని ఇంకో కాపీ అడగండి.