చేతి జీన్లు: ఒంటి కాగితం మడతా, పిన్ను కొట్టిన పుస్తకమా, ఒకే ప్రతి నోట్‌బుక్కా?

సొంత సంగతులు రాసి, బొమ్మలు గీసి, జెరాక్స్ తీయించి తెలిసినవాళ్లకి పంచే చిట్టి పత్రికలే జీన్లు (zines). విజయవాడలో గానీ గుంటూరులో గానీ వీటికోసం షాపుకి వెళ్తే దొరకవు. స్నేహితుల బ్యాగుల్లోంచి వస్తాయి, హాస్టల్ గదుల్లోంచి వస్తాయి, జనవరిలో పుస్తకాల పండగలో ఎవరో చేతిలో పెట్టి జనంలో కలిసిపోతారు. వచ్చినవాటిని చదివి నాలుగు మాటలు రాయడం నాకు అలవాటు కాబట్టి, కొత్తగా చేద్దామనుకునేవాళ్లు "ఏ రకంగా చేస్తే బావుంటుంది?" అని అడుగుతుంటారు. ఆ జవాబు ముందే చెప్పేస్తాను. తెలుగులో రాసే సొంత కథకి మధ్యలో పిన్ను కొట్టిన ఏ5 (ఏ4 కాగితంలో సగం) సైజు పుస్తకమే మేలు. మిగతావి పనికిరావని కాదు, వాటి పని వేరు.

ముందు ఒంటి కాగితం మడత సంగతి. ఒక ఏ4 కాగితాన్ని మూడుసార్లు సగానికి మడిచి, విప్పి, మధ్యలో ఒక్క కోత కోస్తే ఎనిమిది పేజీల బుల్లి పుస్తకం తయారవుతుంది. పిన్ను అక్కర్లేదు, జిగురు అక్కర్లేదు. ఒకవైపే జెరాక్స్ కాబట్టి రూపాయో రెండో పెడితే ఒక ప్రతి వచ్చేస్తుంది. పోస్టులో పంపడమూ తేలికే. 80 జీఎస్ఎం (అంటే చదరపు మీటరుకి 80 గ్రాములు) ఏ4 కాగితం బరువు ఐదు గ్రాములు. చిన్న కవర్లో పెట్టినా 20 గ్రాములు దాటదు, ఐదు రూపాయల స్టాంపుతో వెళ్లిపోతుంది.

చిక్కంతా పేజీ సైజుతోనే. పదిన్నర సెంటీమీటర్ల ఎత్తు, ఏడున్నర కూడా లేని వెడల్పు. ఇంగ్లిష్ అయితే చిన్న అక్షరాల్లో ఇరికించినా నడిచిపోతుంది. తెలుగుకి పైన గుడి కావాలి, కింద ఒత్తు కావాలి, ఆ ఒత్తు కింది వరుస గుడికి తగలకుండా సందు కావాలి. చేత్తో రాస్తే పేజీకి ఏడెనిమిది వరుసలకి మించి పట్టవు. దానికితోడు మడత మీద పడిన అక్షరాలకి టోనర్ (జెరాక్స్ మిషన్ నల్లపొడి) నిలవదు. పదిమంది తెరిచి మూసేసరికి ఆ గీత వెంబడి తెల్లగా రాలిపోతుంది. అందుకే ఈ రకంలో పెద్ద కథ చెప్పాలని చూసినవాళ్లందరూ ఇబ్బంది పడ్డారు. చదివేవాళ్లూ పడ్డారు.

కానీ ఒక్క సంగతి, ఒక్క జాబితా, ఒక్క చమత్కారం అయితే దీన్ని మించింది లేదు. గుంటూరు బ్రాడీపేటలో హాస్టల్లో ఉండి చదువుకునే ఒకమ్మాయి మెస్ మెనూ మీద చేసింది. అట్ట ఒకటి, వారంలో రోజులు ఏడు, ఎనిమిది పేజీలూ సరిగ్గా సరిపోయాయి. సోమవారం పేజీలో ఇడ్లీ బొమ్మ, పక్కన "గట్టి" అని ఒక్క మాట. గురువారం పేజీలో సాంబారు గిన్నె, అందులో వెతుక్కోమని దూరంగా ఒక మునక్కాయ ముక్క. ఆదివారం పేజీ నిండా క్యూ, చివర్లో చేతిలో ఖాళీ ప్లేటుతో తను. కాగితం పూర్తిగా విప్పితే వెనకవైపు ఇంటి నుంచి వచ్చిన పచ్చడి సీసాల పటం. ఏ సీసా ఎవరి మంచం కింద ఉందో బాణం గుర్తులతో చూపించింది. విజయవాడ బస్టాండులో గుంటూరు బస్సెక్కి కనకదుర్గ వారధి దాటేలోపు అయిపోతుంది, మంగళగిరి దాకా నవ్వుకోవచ్చు. దీని మీద సమీక్ష రాయాలంటే మూడు వాక్యాలు చాలు. జీన్ కన్నా సమీక్ష పొడవైతే మన సరదా తప్ప అందులో ఏమీ ఉండదు.

ఇక పిన్ను కొట్టిన పుస్తకం. ఏ4 కాగితాల్ని మధ్యకి మడిచి లోపల పిన్ను కొడితే వచ్చేది. పేజీలు నాలుగు చొప్పున పెరుగుతాయి: ఎనిమిది, పన్నెండు, పదహారు. నా లెక్కలో పన్నెండు నుంచి పదహారు దాకా సరైన కొలత. ఇరవై దాటితే చాలామంది చివరి పేజీలు నింపడానికి కవితలు వెతుక్కుంటారు. వెతుక్కున్న సంగతి చదివేవాళ్లకి తెలిసిపోతుంది.

దీనికి కొంచెం లెక్క కావాలి. పదహారు పేజీల పుస్తకంలో అన్నిటికన్నా పైన ఉండే కాగితం మీద ఒకవైపు 16, 1 పేజీలు, వెనకవైపు 2, 15 పడతాయి. ఒకే ముఖం మీదుండే రెండు పేజీల నంబర్లు కూడితే ఎక్కడైనా 17 రావాలి. ఈ ఒక్క లెక్క కాగితం మీద రాసుకుని జెరాక్స్ షాపుకి వెళ్తే సగం టెన్షన్ తగ్గుతుంది. బ్యాక్ టు బ్యాక్ తీసేటప్పుడు వెనకవైపు తలకిందులైందేమో ముందు ఒక్క ప్రతి తీయించి మడిచి చూసుకోవాలి, ఆ తర్వాతే ముప్పై చెప్పాలి. మామూలు స్టాప్లర్ నోరు మధ్య మడత దాకా అందదు. శుభలేఖలూ బిల్లు పుస్తకాలూ వేసే ప్రింటింగ్ ప్రెస్సుల్లో సెంటర్ పిన్నింగ్ అని అడిగితే అర్థమవుతుంది. లేదంటే స్టాప్లర్‌ని తెరిచి, కింద థర్మకోల్ ముక్క పెట్టి గుచ్చి, పిన్ను కాళ్లు స్కేలుతో మడవచ్చు. సూదీ దారంతో మూడు కుట్లు వేసినా సరే, చూడ్డానికి అదే ఇంకా బావుంటుంది.

రాత విషయంలో నల్ల జెల్ పెన్ను ఒక్కటే నమ్మకం. పెన్సిల్ జెరాక్స్‌లో బూడిద మరకలా వస్తుంది, లేత నీలం అసలు రాకపోవచ్చు. ఫొటోలు మామూలుగా తీస్తే ముఖాలన్నీ నల్లటి ముద్దలవుతాయి, ఫొటో మోడ్‌లో పెట్టి కొంచెం లేతగా తీయమని అడగాలి. ఇవన్నీ సమీక్షలో రాయదగ్గ విషయాలేనా అంటే, నాకు రాయదగ్గవే. అక్షరదోషాలు నేను ఎంచను, సొంత రాతలో అవి ఆ మనిషి గొంతులో భాగం. కానీ కళ్లు చికిలించుకుంటేగానీ చదవలేని పేజీ ఉంటే చెప్పి తీరాలి.

ఈ రకం ఎందుకు మేలో ఒక ఉదాహరణ చూడండి. ఆటోనగర్లో లారీల మీద అక్షరాలు రాసే తండ్రి గురించి కొడుకు చేసిన పదహారు పేజీల పుస్తకం. మొదటి ఆరు పేజీల్లో తండ్రి చేతులు తప్ప ముఖం కనిపించదు. సుద్ద దారంతో గీత కొట్టడం, కిరోసిన్లో బ్రష్ కడగడం, "సౌండ్ హారన్" రాసేటప్పుడు ఊపిరి బిగబట్టడం. సరిగ్గా నడిమి పేజీలకి వచ్చేసరికి రెండు పేజీలూ కలిపి ఒకే ఒక్క "శ్రీ". నిజంగా బ్రష్షుతో రాసింది, గీత చివర వెంట్రుకల జాడలు కూడా జెరాక్స్‌లో దిగాయి. పుస్తకం తెరిచి చదివేటప్పుడు వరుస పేజీలు రెండూ ఒకే కాగితం మీద పక్కపక్కన పడేది ఆ నడిమి 8, 9 పేజీల్లోనే. లోపల ఇంకెక్కడ రెండు పేజీల మీద బొమ్మ పరిచినా రెండు వేర్వేరు కాగితాల మీద పడి సగం సగం అతకదు. ఆ చోటు ఎంచుకున్నాడంటే చేసే ముందు డమ్మీ (ఖాళీ కాగితాల నమూనా) మడిచి చూసుకున్నాడని అర్థం. ఆ పేజీ తిప్పితే పదో పేజీలో, బ్రష్షు రాత బదులు మిషన్‌తో అక్షరాలు కోసిచ్చే స్టిక్కర్ కటింగ్ షాపు రేట్ల కాగితం అతికించి ఉంది. ఒక్క మాట రాయలేదు. తర్వాతి పేజీల్లో తండ్రి ముఖం మొదటిసారి కనిపిస్తుంది.

ఇది ఒంటి కాగితం మడతలో చేస్తే "శ్రీ"కి చోటే ఉండదు, పేజీ తిప్పితే ఆ రేట్ల కాగితం తగిలే దెబ్బా ఉండదు. వెబ్ పేజీలో అయితే వేలు జారుతూనే ఉంటుంది, తిప్పడమన్నదే లేదు. ఖర్చు మాత్రం ఎక్కువే. ప్రతికి ఎనిమిది ముఖాల జెరాక్స్, పిన్నింగ్, మందం అట్ట పెడితే అదీ. కాగితాలే 20 గ్రాములు కాబట్టి కవరుతో కలిపి పోస్టుకి ఇంకో ఐదు రూపాయల స్టాంపు అతికించాలి. అయినా సరే, చెప్పడానికి కథ ఉన్నవాళ్లకి నేను దీన్నే చెబుతాను.

మూడోది ఒకే ప్రతి నోట్‌బుక్. ఇది మనకి కొత్తేమీ కాదు. కాలేజీల్లో, ఊరి గ్రంథాలయాల్లో లిఖిత పత్రికలు తెచ్చిన రోజుల్లో మంచి దస్తూరీ ఉన్నవాళ్లు రాసేవాళ్లు, బొమ్మలొచ్చినవాళ్లు అట్ట వేసేవాళ్లు, ఒక్క ప్రతే చేతులు మారుతూ తిరిగేది. ఇప్పటి నోట్‌బుక్ జీన్లలో రాతకన్నా అతికింపులు ఎక్కువ. బీసెంట్ రోడ్డు బట్టల షాపు బిల్లు, సినిమా టికెట్టు, ఎండిన కనకాంబరం, చాక్లెట్ కాగితం. చేతిలో పట్టుకుంటే వచ్చే ఆనందంలో మిగతా రెండూ దీని ముందు దిగదుడుపే, ఆ మాట ఒప్పుకోవాలి.

కానీ రెండు ఇబ్బందులున్నాయి. ఇప్పటి బస్సు టికెట్లూ షాపు బిల్లులూ వేడికి నల్లబడే థర్మల్ కాగితం మీద వస్తాయి. మన ఊరి ఎండాకాలం గడిచేసరికి అక్షరాలు వెలిసిపోయి ఉత్త తెల్ల చీటీ మిగులుతుంది. కాపాడదామని లామినేషన్ చేయిస్తే ఆ వేడికి మొత్తం నల్లగా అయిపోతుంది. ఇలాంటివి అతికించేవాళ్లు ముందు జెరాక్స్ తీసి ఆ జెరాక్స్ అతికించడం మంచిది, అసలుది వెనక కవర్లో పెట్టుకోవచ్చు. రెండో ఇబ్బంది సమీక్షకి సంబంధించింది. చదివినవాళ్లకి "నాకూ కావాలి" అనిపిస్తే ఎక్కడికి వెళ్లాలి? ఒక్క ప్రతి ఉన్నదాని గురించి బయట రాస్తే ఊరించడమే అవుతుంది. అందుకే నోట్‌బుక్కుల మీద నేను సమీక్ష రాయను. చదివి, చెప్పిన రోజుకి తిరిగిచ్చేస్తాను.

వాట్సాప్‌లో వచ్చే పీడీఎఫ్ గురించి రెండు ముక్కలు చాలు. ప్రింటు కోసం పేర్చిన ఫైలునే పంపేస్తారు, 16వ పేజీ పక్కన 1వ పేజీ వస్తుంది. ఒంటి కాగితం మడత అయితే సగం పేజీలు తలకిందులు. మనం ఫోన్ తిప్పితే అదీ తిరిగి మళ్లీ తలకిందులే చూపిస్తుంది. పంపాల్సి వస్తే పేజీల వరుసలో వేరే ఫైలు చేసి పంపండి.

చదివాక ఏం చేయాలన్నదాంట్లోనూ రెండు దారులున్నాయి: చేసినవాళ్లకి ఉత్తరం రాయడం, లేదా పదిమందికీ తెలిసేలా సమీక్ష రాయడం. కథల పుస్తకమైతే ఈ ప్రశ్న రాదు. సొంత జీన్‌లో మాత్రం అమ్మ మాటలుంటాయి, అన్నతో గొడవ ఉంటుంది, వదిలేసిన ఉద్యోగం ఉంటుంది. ముప్పైమంది చదువుతారనుకుని రాసినదాన్ని మనం మూడువందల మంది ముందు పెడుతున్నామేమో చూసుకోవాలి. నేను చివరి అట్ట చూస్తాను. ధరా, తెప్పించుకునే దారీ వేసి ఉంటే ఆ మనిషి బయటి పాఠకుల్ని పిలుస్తున్నట్టే, సమీక్ష రాయొచ్చు. ఏమీ లేకపోతే అది మన చేతిలో పెట్టిన కానుక, ఉత్తరమే మర్యాద.

సమీక్ష ఎలా ఉండాలన్నదానికి పాత నమూనా ఒకటి ఉంది. 1982లో అమెరికాలో మైక్ గండర్‌లాయ్ మొదలుపెట్టిన ఫ్యాక్ట్‌షీట్ ఫైవ్ అనే పత్రిక పని జీన్లని సమీక్షించడమే. ఒక్కోదానికి కొద్ది వరుసలే ఇచ్చేది: లోపల ఏముందో, సైజెంతో, పేజీలెన్నో, ధరెంతో, ఏ చిరునామాకి రాయాలో. దూరాన ఉన్నవాళ్లు ఆ వరుసలు చదివి డబ్బులు పంపి తెప్పించుకునేవాళ్లు. మన దగ్గర సమీక్ష అంటే "గుండెల్ని తడిమింది, కళ్లు చెమర్చాయి" అని మొదలై అక్కడే ముగుస్తుంది. పేజీలెన్నో తెలియదు, చేతిరాతో డీటీపీనో తెలియదు, ఎక్కడ దొరుకుతుందో అసలే తెలియదు. ఎవరి బతుక్కీ మార్కులు వేయకూడదు. తండ్రి పాత్ర బలహీనంగా ఉంది అంటే ఆ అబ్బాయి ఏం చేస్తాడు, ఇంకో తండ్రిని తెస్తాడా? మనం మాట్లాడాల్సింది పేజీల గురించి. ఏది ఏ పేజీలో పెట్టారు, ఎక్కడ ఆగారు, ఏం చెప్పకుండా వదిలారు.

ఉత్తరంలో అయితే ఇంకా విడమరిచి చెప్పొచ్చు. ఫలానా పేజీ దగ్గర రెండోసారి వెనక్కి వెళ్లి చదివాను, ఫలానా బొమ్మ ఎవరిదో అర్థం కాలేదు అని. "బావుంది, ఇంకా రాయండి" అని పంపితే ఆ పేజీలు తిరగేశామో లేదో కూడా వాళ్లకి తెలియదు. ఇన్లాండ్ లెటర్ అయినా చాలు. ధర వేయని జీన్‌కి డబ్బులు పంపితే చాలామంది తీసుకోరు, తిరిగి పంపేవాళ్లూ ఉన్నారు. స్టాంపులు పంపితే మాత్రం ఉంచుకుంటారు, తర్వాతి సంచిక పోస్టు ఖర్చుకి పనికొస్తాయి.