నాలుగేళ్లు వాడాక మా ఓటీజీ గురించి

28 లీటర్ల ఓటీజీ, అంటే ఓవెన్, టోస్టర్, గ్రిల్ మూడూ ఒకదాంట్లోనే ఉన్న కరెంటు ఓవెన్. కొని నాలుగేళ్లు దాటింది. వారానికో బ్రెడ్ చొప్పున లెక్కేసినా రెండొందలు దాటి ఉంటాయి. కొన్న వారంలో ముచ్చటపడి రాస్తున్నది కాదిది.

కొన్నప్పుడు నా పరిస్థితి బాగాలేదు. ఉద్యోగం మానేశాను, నిద్ర లేదు, డిప్రెషన్‌కి మందులు వాడుతున్నాను. ఏం ముట్టుకున్నా చెడగొడతాననే నమ్మకం మాత్రం గట్టిగా ఉండేది. మొదటి మూణ్ణెల్లు ఈ ఓవెన్ దాన్ని ఇంకా గట్టిపరిచింది. 180 డిగ్రీలు పెట్టి, చెప్పినంతసేపూ ఉంచినా కేకు నడుమ పచ్చిపిండే. బ్రెడ్ పాలిపోయి, కోస్తే కత్తికి అంటుకునేది. ప్రతిసారీ తప్పు నాదే అనుకున్నాను. రెండు కేకులైతే చెత్తబుట్ట అడుగున పెట్టి, ఎవరికీ కనబడకుండా పైన పేపరు కప్పాను.

చివరికి ఓవెన్ థర్మామీటర్ ఒకటి తెచ్చి లోపల వేలాడదీశాను. నాబ్ 180 అంటుంటే ముల్లు 155 దగ్గర ఆగింది. పావుగంట చూశాను, కదల్లేదు. వంటింట్లో నేల మీద కూర్చుని ఏడ్చాను. ఇప్పుడు చెబితే నవ్వొస్తుంది గానీ, మూణ్ణెల్లుగా మోస్తున్న నేరం ఒక్కసారిగా దిగిపోయింది మరి. అప్పట్నుంచీ నాబ్ 205 మీద పెట్టి, ముల్లు చూశాకే ట్రే లోపలికి తోస్తాను.

ఆ తర్వాత పాడైనవన్నీ ఓవెన్ మీదికి నెట్టలేను. 60 డిగ్రీల వేడికే చచ్చిపోయే ఈస్ట్‌ని మరిగే నీళ్లలో కలిపింది నేనే. 500 గ్రాముల పిండికి పడాల్సిన 10 గ్రాముల ఉప్పు మర్చిపోయిందీ నేనే. ఉప్పు లేకపోతే ఈస్ట్‌కి పగ్గాలుండవు, గబగబా పొంగింది. చూపుకి అందం, నోట్లో పెడితే అట్టముక్క. అక్క ఒక ముక్క నమిలి, "ఉప్పు మర్చిపోయావే" అంది. "అవును, మర్చిపోయాను" అన్నాను. దాని వెనకాల సంజాయిషీ ఏదీ రాలేదు నా నోటెంట. ముక్కలు కాల్చి, ఉప్పున్న వెన్న రాసుకుని ఇద్దరం తిన్నాం.

ఇక మిగతా లోపాలు. పై రాడ్ మరీ కిందకుంది, బ్రెడ్ బాగా పొంగితే నెత్తి మాడుతుంది. ఇరవై నిమిషాలయ్యాక ఫాయిల్ కప్పాలి. ఎడమ పక్క వేడెక్కువ, మధ్యలో ట్రే తిప్పాలి. టైమర్ గంట రెండో ఏడే మూగబోయింది.

బేకింగ్‌తో డిప్రెషన్ తగ్గిందా అంటే, మందులూ కౌన్సెలింగూ చేసిన పనిని దీనికి కట్టబెట్టను. పిండి పిసికే పది నిమిషాలు చేతులు జిగురుగా ఉంటాయి, ఫోను ముట్టుకోలేను. అదొక్కటే చాలా సాయంత్రాల్ని గట్టెక్కించింది. మంచం దిగలేని రోజులూ ఉన్నాయి, ఆ రోజు బ్రెడ్ లేదు, అంతే.

కొనమంటారా అంటే కొనండి, థర్మామీటర్‌తో కలిపి. నిన్నటి బ్రెడ్ ఎడమ పక్క కాస్త మాడింది. ట్రే తిప్పడం మర్చిపోయాను.